మే 13న మా బూత్‌లో: ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా నా అనుభవం

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఓపీఓగా, అంటే ప్రిసైడింగ్ ఆఫీసర్ కింద పనిచేసే పోలింగ్ సిబ్బందిలో ఒకరిగా, అంతకుముందు మూడుసార్లు ఎన్నికల డ్యూటీ చేశాను. వేలికి సిరా పూయడం, రిజిస్టర్‌లో సంతకం పెట్టించడం, సాయంత్రం దాకా నడుము నొప్పి, అంతవరకే నాకు తెలుసు. 2024లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి, లోక్‌సభకి ఒకే రోజు పోలింగ్ వచ్చినప్పుడు నా ఆర్డర్ మీద 'పీఓ' అని ఉంది, అంటే ప్రిసైడింగ్ ఆఫీసర్. ఆ రెండక్షరాలు చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బూత్‌లో ఏది జరిగినా చివరి సంతకం నాదే కదా.

ఇన్నాళ్ళకి ఇది రాయడానికి కారణం ఉంది. ఎన్నికల గురించి మాట వచ్చినప్పుడల్లా మా బంధువుల్లో సగం మంది మిషన్లన్నీ మోసం అంటారు, మిగతా సగం మంది అంతా సవ్యంగానే ఉందంటారు. ఇద్దరిలో ఎవరూ బూత్ లోపల పొద్దున అయిదింటి నుంచి రాత్రి దాకా కూర్చున్నవాళ్ళు కాదు. నేను కూర్చున్నాను. మా బూత్‌లో జరిగింది జరిగినట్టు చెప్తాను, మా చేతుల మీదుగా పాడైన ఒక ఓటు గురించి కూడా.

శిక్షణ రెండు విడతలు జరిగింది. మొదటి రోజు పెద్ద హాల్లో వందల మంది, ముందు స్క్రీన్, మైకు. మిషన్ దూరంగా టేబుల్ మీద ఉంది, వెనక వరసల్లో ఉన్న మాకు కనపడలేదు. రెండో విడతలో గదికి ఒక మిషన్ పెట్టారు కానీ గదిలో నలభై మందిమి ఉన్నాం. నేను సిగ్గుపడకుండా అందరూ వెళ్ళిపోయాక ఉండిపోయి, ట్రైనర్ గారిని బతిమాలి కంట్రోల్ యూనిట్ (ఓట్లు నమోదయ్యేది), బ్యాలెట్ యూనిట్ (ఓటరు మీట నొక్కేది), వీవీప్యాట్ (ఓటు స్లిప్పు కొట్టే ప్రింటర్) మూడింటినీ నా చేత్తో నాలుగుసార్లు కలిపి విప్పాను. ఎవరికైనా ఈ డ్యూటీ పడితే ఈ ఒక్కటి తప్పకుండా చేయండి. వీవీప్యాట్ వెనక ఒక నాబ్ ఉంటుంది, రవాణాలో అడ్డంగా ఉండాలి, పని చేసేటప్పుడు నిలువుగా తిప్పాలి. అది తిప్పకుండా ఆన్ చేస్తే ఎర్రర్ వస్తుంది. పుస్తకంలో పదిసార్లు చదివినా ఎక్కనిది ఒక్కసారి వేళ్ళతో తిప్పితే గుర్తుండిపోయింది. నా ఓటు మాత్రం ముందే ఫెసిలిటేషన్ సెంటర్‌లో పోస్టల్ బ్యాలెట్‌గా వేసేశాను.

మే 12 పొద్దున్నే ఒక కాలేజీ మైదానంలో డిస్ట్రిబ్యూషన్ సెంటర్. ఏ ఊరికి వెళ్తామో, ఎవరితో కలిసి వెళ్తామో అప్పటిదాకా తెలియదు. సిబ్బందిని కంప్యూటర్‌లో మూడు విడతలుగా కలిపి పంచుతారు, చివరి విడతలో గానీ బూత్ నంబరు బయటపడదు. మిషన్లకూ ఇంతే. జిల్లా గోడౌన్ నుంచి నియోజకవర్గానికి ఒకసారి, నియోజకవర్గంలో బూత్‌లకి ఇంకోసారి, పార్టీల మనుషుల ముందే కలిపేస్తారు. ఏ మిషన్ ఏ బూత్‌కి వెళ్తుందో ముందుగా ఎవరికీ తెలియకూడదనే ఇదంతా. చెట్టు కింద మా జట్టుని వెతుక్కున్నాను. ఏపీఓ గారు, అంటే అసిస్టెంట్ ప్రిసైడింగ్ ఆఫీసర్, వేరే మండలం టీచరు, మిగతా నలుగురిలో ఇద్దరు సచివాలయం పిల్లలు, చాలా చిన్నవాళ్ళు, ఒకతనికి ఇదే మొదటి ఎన్నిక. రెండు ఎన్నికలు కాబట్టి మిషన్లు రెండు సెట్లు, కవర్లు, ఫారాలు అన్నీ రెండేసి. సామాన్ల జాబితా చూసి ఒక్కొక్కటి టిక్ పెట్టుకునేసరికి మధ్యాహ్నం రెండయింది. ఎండ సంగతి చెప్పక్కర్లేదు.

మా బూత్ ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల. జాబితాలో 1,146 మంది ఓటర్లు. మేం దిగగానే ఊళ్ళో పెద్దమనిషి ఒకాయన వచ్చి, "మేడం గారూ, రాత్రికి భోజనం మా ఇంటి నుంచి పంపిస్తాం" అన్నారు. మనసులో చెడు ఉండి అన్నాడని నేను అనుకోను, మన పల్లెల్లో ఇంటికొచ్చిన వాళ్ళకి అన్నం పెట్టకుండా ఎవరుంటారు? కానీ ఏ పార్టీ మనిషి చేతి అన్నమూ తినకూడదు, రేపు ఎదుటి పార్టీ ఏజెంటు ఆ మాటే పట్టుకుంటాడు. వద్దండీ అని చేతులు జోడించి చెప్పాను. వీఆర్వో గారు మధ్యాహ్న భోజనం వండే ఆమెతో పప్పు, అన్నం చేయించారు, డబ్బులు మేమే ఇచ్చాం. ఆడవాళ్ళం ఇద్దరం ఒక గదిలో బల్లలు కలుపుకుని పడుకున్నాం. బాత్రూం తలుపుకి గడియ లేదు, ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట కాపలా. ఇవన్నీ ఎవరూ రాయరు కాబట్టి రాస్తున్నాను. దోమలకి నిద్ర పట్టలేదు, అర్ధరాత్రి దాకా కవర్ల మీద బూత్ నంబర్లు రాసుకుంటూ కూర్చున్నాను. అప్పుడే జాబితా కూడా ఒకసారి చదివి ఉంటే ఎంత బాగుండేదో తర్వాత తెలిసింది.

పొద్దున 5:30కి మాక్ పోల్, అంటే మిషన్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడ్డానికి వేసే నమూనా ఓట్లు. పోలింగ్ ఏడింటికి మొదలైతే దానికి గంటన్నర ముందు ఏజెంట్ల ఎదుట ఇది జరగాలి. మా బూత్‌కి అయిదు గంటలకే నలుగురు ఏజెంట్లు వచ్చేశారు. అందులో రెండు ప్రధాన పార్టీల కుర్రాళ్ళు ఇద్దరూ నేను ఎటు వెళ్తే అటు చూపు తిప్పుతూ ఉన్నారు. నాకు ముందు భయమేసింది, తర్వాత ధైర్యం వచ్చింది. ఎందుకంటే నన్ను ఇద్దరూ నమ్మడం లేదు, ఒకర్నొకరు అసలే నమ్మడం లేదు, అందుకే ఏదీ వాళ్ళ కళ్ళు దాటిపోదు. ఈ పద్ధతి తయారు చేసినవాళ్ళు మనుషుల్లో ఉండే ఈ అపనమ్మకాన్నే పనిలో పెట్టుకున్నారని నాకు ఆ గంటన్నరలో అర్థమైంది.

మాక్ పోల్‌లో కనీసం 50 ఓట్లు వేయాలి, నోటాతో సహా ప్రతి మీటకీ కనీసం ఒకటి పడాలి. మా అసెంబ్లీ మిషన్‌లో నోటాతో కలిపి 14 మీటలున్నాయి. (ఇది నయం, 2019లో నిజామాబాద్‌లో రైతులు పోటీగా నామినేషన్లు వేసి మొత్తం 185 మంది అభ్యర్థులైతే, ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పేర్చాల్సి వచ్చింది, ఆ పీఓలు ఎలా పడ్డారో.) ఏజెంట్లే ఒకరి తర్వాత ఒకరు నొక్కారు, ఎవరెవరు దేనికి నొక్కారో మా ఏపీఓ గారు కాగితం మీద రాశారు. తర్వాత కంట్రోల్ యూనిట్‌లో క్లోజ్, రిజల్ట్. ప్రతి మీటకీ అంకె చదివి వినిపించాను, కాగితంతో సరిపోయింది. వీవీప్యాట్ డబ్బా తెరిచి స్లిప్పులు బల్ల మీద పోసి లెక్కబెట్టాం, మిషన్ ఆన్ చేసినప్పుడు తనంతట తాను కొట్టుకునే 7 స్లిప్పులు పక్కన పెడితే సరిగ్గా 50. ఒక ఏజెంటు మళ్ళీ లెక్కబెట్టాలన్నాడు. బాబూ, ఇంకోసారి కూడా లెక్కబెట్టుకో అన్నాను.

ఆ తర్వాత క్లియర్. ఇదే అసలు గండం. మాక్ పోల్ ఓట్లు చెరిపేయడం మర్చిపోయి పోలింగ్ మొదలుపెట్టిన బూత్‌ల సంగతి శిక్షణలో చెప్పారు, ఆ 50 ఓట్లు అసలు ఓట్లతో కలిసిపోతే లెక్కింపు రోజు ఆ బూత్ మిషన్‌ని పక్కన పెట్టేయాల్సి వస్తుంది. నేను నా అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాను: క్లోజ్, రిజల్ట్, క్లియర్. క్లియర్ నొక్కి, టోటల్ నొక్కి, సున్నా వచ్చాక నలుగురికీ చూపించాను. వీవీప్యాట్ డబ్బా ఖాళీగా ఉందని చేయి పెట్టి చూపించాను. మాక్ పోల్ స్లిప్పుల వెనక ముద్ర వేసి నల్ల కవర్లో పెట్టి సీల్ చేశాను. రెండో మిషన్‌కీ ఇదే తంతు. ఆకుపచ్చ పేపర్ సీల్ నంబరు గట్టిగా చదువుతుంటే ఏజెంట్లు నలుగురూ తమ డైరీల్లో రాసుకున్నారు, సీల్ మీద సంతకాలు పెట్టారు. సాయంత్రమో, లెక్కింపు రోజో ఆ నంబరు మారితే మొదట పట్టుకునేది వాళ్ళే. తర్వాత స్పెషల్ ట్యాగ్, ఏబీసీడీ స్ట్రిప్ సీల్. ఈ స్ట్రిప్ అంటించడం చూడ్డానికి తేలిక, చేస్తే తెలుస్తుంది, నా వేళ్ళు వణికి మొదటిది వంకరపోయింది. స్పేర్‌గా ఇచ్చింది వాడి, పాడైనదాని నంబరు డైరీలో రాసి ఏజెంట్లకి చూపించాను.

ఏడింటికి గేటు తీసేసరికి బయట వంద మందికి పైనే ఉన్నారు. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి రాత్రంతా బస్సుల్లో నిలబడి వచ్చిన పిల్లలు, బ్యాగులతో నేరుగా లైన్లోకి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళని చూస్తే ముచ్చటేసింది.

లోపల పని ఇలా నడుస్తుంది. మొదటి బల్ల దగ్గర ఉన్నాయన ఓటరు కార్డు గానీ ఆధార్ లాంటి ప్రత్యామ్నాయ గుర్తింపు గానీ చూసి, జాబితాలో వరుస నంబరు, పేరు ఏజెంట్లకి వినపడేలా గట్టిగా చదవాలి. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఆ పేరు మీద ఎర్ర గీత, ఆడవాళ్ళయితే నంబరు చుట్టూ సున్నా. బీఎల్ఓ (బూత్ లెవెల్ ఆఫీసర్) ఇంటికి తెచ్చిచ్చే ఓటరు స్లిప్పు ఒక్కటే చూపిస్తే చాలదు, ఈ సంగతి తెలియక ఇంటికి తిరిగి వెళ్ళినవాళ్ళు ఆ రోజు పదిమందైనా ఉంటారు. రెండో బల్ల దగ్గర 17ఎ అనే ఓటర్ల రిజిస్టర్‌లో సంతకం లేదా వేలిముద్ర, ఎడమ చూపుడు వేలికి సిరా. 1962 నుంచి మైసూర్ పెయింట్స్ వాళ్ళు తయారు చేస్తున్న సిరా అది. నా వేలికి కూడా అంటుకుని మూడు వారాలు పోలేదు. తర్వాత ముందు పార్లమెంటు మిషన్, దాని తర్వాత అసెంబ్లీ మిషన్. మీట నొక్కితే వీవీప్యాట్ అద్దంలో స్లిప్పు 7 సెకన్లు కనపడి కింద డబ్బాలో పడుతుంది, బీప్ వస్తుంది.

ఎనిమిదింటికి ఒక కుర్రాడు చూపు సరిగ్గా లేని ముసలావిడని తీసుకొచ్చాడు, సహాయకుడిగా లోపలికి వెళ్తానన్నాడు. డిక్లరేషన్ రాయించుకుని, అతని కుడి చూపుడు వేలికి సిరా పెట్టించి పంపాను. తొమ్మిదిన్నరకి అదే కుర్రాడు ఇంకో అవ్వతో వచ్చాడు. "మా పెదమ్మమ్మ మేడం" అన్నాడు. కుడి చెయ్యి చూపించమన్నాను. ఒక మనిషి ఒక్కరికే సహాయకుడిగా వెళ్ళగలడు, ఆ కుడి వేలి సిరా అందుకే. అతను గొడవపడ్డాడు, బయట నుంచి ఇద్దరు అరిచారు, కానిస్టేబుల్ వచ్చి నిలబడ్డాడు. ఆ అవ్వని నేను విడిగా అడిగాను, "అమ్మా, నీకు కనపడట్లేదా?" అని. "కనపడకేం తల్లీ, గుర్తు నాకు తెలుసు, వీడే పట్టుకొచ్చాడు" అంది. ఒక్కతే లోపలికి వెళ్ళి రెండు ఓట్లూ వేసుకుని నవ్వుతూ బయటికి వచ్చింది. ఆ రోజంతటిలో నాకు బాగా సంతోషమనిపించిన క్షణం అదే.

పదకొండు ప్రాంతంలో పార్లమెంటు వీవీప్యాట్ ఆగిపోయింది. ఎర్రర్. కొన్ని బూత్‌లని పర్యవేక్షించే సెక్టోరల్ ఆఫీసర్‌కి ఫోన్ చేశాను, కొత్తది వచ్చేసరికి నలభై నిమిషాలు. బయట ఎండలో జనం, లోపల నా టెన్షన్. కొత్త వీవీప్యాట్ డబ్బా జీపులోంచి దిగగానే ఎవరో "మిషన్ మార్చేస్తున్నారు!" అని అరిచారు, అంతే, గేటు మీద పడ్డారు. నేను బయటికి వెళ్ళి మెట్ల మీద నిలబడి, ఓట్లు ఉండేది కంట్రోల్ యూనిట్‌లో, అది మారడం లేదు, మారుతున్నది స్లిప్పులు కొట్టే ప్రింటర్ ఒక్కటే, పాతదాంట్లో పడిన స్లిప్పులు అలాగే సీల్‌తో ఉంటాయి అని గొంతు పోయేలా చెప్పాను. నా మాట ఎవరు విన్నారో తెలియదు. కానీ లోపల ఉన్న రెండు పార్టీల ఏజెంట్లూ బయటికి వచ్చి "నిజమే, మేం చూశాం, టోటల్ అంతే ఉంది" అని తమ తమ వాళ్ళకి చెప్పారు. అప్పుడు గానీ జనం తగ్గలేదు. నియమం ప్రకారం కూడా వీవీప్యాట్ ఒక్కటే పాడైతే దాన్నే మారుస్తారు. కంట్రోల్ యూనిట్ గానీ బ్యాలెట్ యూనిట్ గానీ పాడైతే సెట్ మొత్తం మార్చి మళ్ళీ మాక్ పోల్ చేయాలి.

ఇప్పుడు ఆ ఓటు సంగతి.

మధ్యాహ్నం మూడు దాటాక ఒకామె వచ్చింది. యాభై అయిదేళ్ళు ఉంటాయేమో, కూలి పని చేసే మనిషి, చేతిలో ఓటరు కార్డు. మా ఓపీఓ నంబరు చూసి ఆగిపోయాడు. ఆ పేరు మీద అప్పటికే ఎర్ర గీత ఉంది, సున్నా ఉంది. "మీ ఓటు అయిపోయిందమ్మా" అన్నాడు. ఆమె ముందు అర్థం కానట్టు చూసి, తర్వాత రెండు చేతులూ చాపింది. "యాడ అయిపోయింది సామీ? నేనిప్పుడే చేలో నుంచి వస్తన్నా. ఏలు చూడండి" అంది. వేలి మీద చుక్క సిరా లేదు. కార్డులో ఫోటో ఆమెదే. ఏజెంట్లు నలుగురూ ఆమె ఎవరో తెలుసన్నారు.

17ఎ రిజిస్టర్ తిరగేశాను. ఆ వరుస నంబరు పొద్దున తొమ్మిదికి ఎక్కింది, ఎదురుగా ఒక సంతకం. ఓటరు కార్డు కాకుండా ఆధార్ చూపించారని చివరి నాలుగు అంకెలు ఉన్నాయి. ఏజెంట్లలో ఒకతను గుర్తుపట్టాడు. "ఇది పై వీధి ఆవిడ మేడం. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, మొగుళ్ళ పేర్లే వేరు." జాబితాలో చూస్తే నిజమే. పై వీధి ఆవిడ నంబరు మీద గీత లేదు. దొంగ ఓటు కాదు, ఎవరి కుట్రా కాదు. రద్దీలో మా ఓపీఓ కుర్రాడు ఆవిడ పేరు ఒక్కటే చూసి, భర్త పేరు చూడకుండా తప్పు గడిలో గీత గీశాడు. ఆ సమయంలో నేను తొమ్మిది గంటల పోలింగ్ శాతం పంపడానికి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. అంటే తప్పు నాది కూడా.

ఏం చేయాలి? మనసుకి తోచింది ఒకటే, పాత గీత కొట్టేసి ఈమెని మిషన్ దగ్గరికి పంపేయడం. ముగ్గురు ఏజెంట్లు సరేనన్నారు. నాలుగో అతను, మర్యాదగానే, "మేడం, రిజిస్టర్‌లో ఈమె నంబరు మీద ఓటు పడిపోయింది కదా. ఇప్పుడు ఇంకోటి పడితే ఒక నంబరుకి రెండు ఓట్లు అవుతాయి. నేను రాతపూర్వకంగా అభ్యంతరం పెడతా" అన్నాడు. అతని మీద నాకు కోపం వచ్చింది, కానీ ఆలోచిస్తే అతను అన్నదాంట్లో తప్పు లేదు. సెక్టోరల్ ఆఫీసర్‌కి ఫోన్ చేస్తే ఆయన కూడా అదే అన్నారు, 49పి నియమం కింద టెండర్ ఓటు ఇవ్వండి అని.

టెండర్ ఓటు అంటే కాగితం బ్యాలెట్. తన పేరు మీద ఇంకెవరో ఓటేసేశారని తేలినప్పుడు, అసలు ఓటరుని వెనక్కి పంపకుండా ఇచ్చే ఓటు ఇది. మిషన్‌లో పడదు. ఆమె ముద్ర వేసి మడిచి ఇస్తే నేను విడిగా కవర్లో పెట్టి సీల్ చేయాలి, 17బి ఫారంలో రాయాలి. లెక్కింపు రోజు ఆ కవరు తెరవరు. ఎవరైనా కోర్టుకి వెళ్ళి, కోర్టు అడిగితేనే అది బయటికి వస్తుంది. పార్లమెంటుకి తెల్ల కాగితం, అసెంబ్లీకి గులాబీ కాగితం ఇచ్చాను. "సర్పంచి ఓట్లప్పుడు మాదిరా?" అని అడిగింది. అవునమ్మా అన్నాను. రెండూ మడిచి తెచ్చి నా చేతికిచ్చి, నిలబడే ఉంది.

"కూత రాలేదే తల్లీ" అంది. "అందరికీ కూ అని వస్తంది గదా. నా ఓటు పడినట్టేనా?"

అబద్ధం చెప్పి పంపేయొచ్చు. ఆమె వెనక ఇంకా నలభై మంది ఉన్నారు. చెప్పలేకపోయాను. "అమ్మా, నీ ఓటు ఈ కవర్లో భద్రంగా ఉంటుంది, మీ పేరు రాసి పెట్టాను. కానీ గెలుపోటములు రెండు మూడు ఓట్ల దగ్గర ఆగి, కోర్టుకి పోతేనే దీన్ని తీసి చూస్తారు. మా తప్పు వల్ల ఇలా అయింది, మమ్మల్ని క్షమించు" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. వేలిముద్ర ప్యాడ్ జరిపితే, వద్దు, సంతకం చేస్తానంది. ఒక్కొక్క అక్షరం దిద్దుకుంటూ 17బి లో పేరు రాసింది, బయట వాళ్ళు తొందరపెడుతున్నా సున్నాలు చుట్టడం ఆపలేదు. సిరా పెట్టించుకుని వెళ్ళిపోయింది.

అలాంటి కవర్లకి విలువ ఉండదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ గారు గెలిచింది 9 ఓట్లతో. 2019లో విజయవాడ సెంట్రల్‌లో తేడా 25. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సి.పి. జోషి ఒక్క ఓటుతో ఓడిపోయారు, ఆ కేసులో టెండర్ ఓట్ల మీదే సుప్రీంకోర్టు దాకా వాదనలు నడిచాయి. కానీ ఇవన్నీ ఆ సాయంత్రం ఆమెకి చెప్పే మాటలు కావు.

తప్పు గడిలో గీత గీసిన మా ఓపీఓ కుర్రాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతన్ని అసెంబ్లీ మిషన్ దగ్గరికి మార్చి, జాబితా దగ్గర ఏపీఓ గారిని కూర్చోబెట్టాను. సాయంత్రం దాకా ఆయన ప్రతి ఒక్కరికీ భర్త పేరో తండ్రి పేరో కలిపి చదివారు, లైను కాస్త నెమ్మదించింది, పర్లేదు అనుకున్నాను.

నాలుగున్నరకి ఇంకోటి. ఒక తాతగారు పార్లమెంటు ఓటు వేసి, అయిపోయిందనుకుని చేతికర్ర ఊపుకుంటూ నేరుగా ఇంటికి వెళ్ళిపోయారు. అసెంబ్లీ మిషన్‌లో ఆయన కోసం బ్యాలెట్ మీట, అంటే ఒక ఓటుకి అనుమతిచ్చే మీట, అప్పటికే నొక్కేశారు. పిలుచుకురమ్మని పంపితే ఆయన కనపడలేదు. ఇక ఆ తర్వాతి ఓటరు అదే బ్యాలెట్ మీద ఓటేశారు. నేను వెంటనే టైముతో సహా డైరీలో రాసి, 17ఎ రిమార్కుల గడిలో రాసి ఏజెంట్లకి చూపించాను. అప్పుడు రాయకపోయి ఉంటే రాత్రికి నా పరిస్థితి ఏమిటో!

ఆరింటికి లైన్లో 142 మంది ఉన్నారు. ఆరయ్యేసరికి లైన్లో నిలబడిన ప్రతి ఒక్కరికీ ఓటు హక్కు ఉంటుంది, ఎంత రాత్రయినా సరే. చీటీలు నా సంతకంతో లైను చివరి మనిషి నుంచి ముందుకి ఇచ్చుకుంటూ రావాలి. ముందు నుంచి ఇస్తే చివర కొత్తవాళ్ళు వచ్చి కలుస్తూనే ఉంటారు. ఎంత చిన్న ఉపాయం, ఎంత పెద్ద గొడవ ఆపుతుందో! చివరి చీటీ పట్టుకున్న కుర్రాడు ఓటేసేసరికి ఎనిమిది దాటింది. రాష్ట్రంలో కొన్నిచోట్ల అర్ధరాత్రి కూడా దాటింది.

క్లోజ్ నొక్కాం. 17ఎ లో 987 మంది. పార్లమెంటు మిషన్ టోటల్ 987. అసెంబ్లీ మిషన్ 986. ఏజెంట్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. డైరీ తెరిచి నాలుగున్నర గంటల రాత చూపించాను, వాళ్ళే గుర్తుతెచ్చుకున్నారు, తాతగారి ఓటు అని. 17సి ఫారాలు రెండు ఎన్నికలకీ విడివిడిగా నింపి, మిషన్ నంబర్లు, సీల్ నంబర్లు, మొత్తం ఓట్లు రాసి, ఒక్కో ఏజెంటుకి కాపీ ఇచ్చి తీసుకున్నట్టు సంతకం పెట్టించుకున్నాను.

చివరి గంటల్లో ఓట్లు అమాంతం ఎలా పెరిగాయని తర్వాత వాట్సాప్‌లో, టీవీల్లో చాలా అనుమానాలు వచ్చాయి. రాష్ట్రంలో మొత్తం పోలింగ్ 81.86 శాతమని ప్రకటించారు. మిగతా వేల బూత్‌ల గురించి నేను హామీ ఇవ్వలేను. మా బూత్ లెక్క మాత్రం చెప్పగలను: అయిదింటికి నేను ఫోన్లో పంపింది 771, అయిదుకీ ఆరుకీ మధ్య 74, చీటీలు ఇచ్చినవాళ్ళు 142, కలిపితే 987. అనుమానం ఉన్న అభ్యర్థి ఎవరైనా తన ఏజెంట్ల దగ్గరున్న 17సి కాపీలని లెక్కింపు హాల్లో మిషన్ చూపించే అంకెతో పోల్చుకోవచ్చు, ఆ కాగితం ఇచ్చేది అందుకే. లెక్కింపులో ప్రతి అసెంబ్లీ సెగ్మెంట్‌కి 5 బూత్‌ల వీవీప్యాట్ స్లిప్పులు లాటరీ తీసి లెక్కబెడతారు. స్లిప్పులన్నీ లెక్కించాలన్న పిటిషన్లని మా పోలింగ్‌కి రెండు వారాల ముందే, ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు కొట్టేసింది. నన్నడిగితే ఆ 5 ని ఇంకొంచెం పెంచడమే మంచిది. పొద్దున 50 స్లిప్పులు లెక్కబెట్టడానికి మాకు పట్టింది పది నిమిషాలు, ఆ పది నిమిషాల తర్వాత ఆ కుర్రాళ్ళ మొహాల్లో వచ్చిన తేడా నేను చూశాను.

రిసెప్షన్ సెంటర్‌కి చేరేసరికి పదకొండున్నర. వందల జట్లు, వర్షాకాలంలో రేషన్ షాపు ముందు తోసుకున్నట్టు తోపులాట. మిషన్లు, 17సి, డైరీ, మాక్ పోల్ సర్టిఫికెట్ తీసుకున్నారు. టెండర్ ఓట్ల కవరు ఇస్తే కౌంటర్లో ఉన్నాయన విసుక్కున్నారు, "ఇదొకటి తెచ్చారా, ఎవరికో ఒకరికి సర్దిచెప్పి పంపించొచ్చు కదా మేడం" అని. రెండు కవర్లకీ రసీదులో విడిగా నంబరు వేసిందాకా నేను అక్కడి నుంచి కదల్లేదు. అప్పటికి రాత్రి రెండున్నర.

ఇంటికి వెళ్ళే బస్సులో నిద్ర పట్టక, నా దగ్గర మిగిలిన ఓటర్ల జాబితా వర్కింగ్ కాపీ తీసి ఫోన్ లైట్ వెలుగులో చదవడం మొదలుపెట్టాను, ముందు రోజు రాత్రి చదవాల్సింది.

జూన్ 4న ఫలితాలొచ్చాయి. మా నియోజకవర్గంలో తేడా వేలల్లో ఉంది. ఫలితం వచ్చిన 45 రోజుల్లో ఎన్నికల పిటిషన్ వేయొచ్చు, మా దగ్గర ఎవరూ వేయలేదు. ఆ కవరు ఎవరూ తెరవలేదు.

ఇప్పుడు మా స్కూల్లో ఎవరికి డ్యూటీ గురించి మాటొచ్చినా నన్ను అడుగుతారు. వీవీప్యాట్ నాబ్, క్లోజ్-రిజల్ట్-క్లియర్, ఇవి అందరూ చెప్తారు. నేను చెప్పేది ఇంకోటి. ముందు రోజు రాత్రి కవర్ల మీద నంబర్లు రాసే పని ఓపీఓలకి ఇచ్చి, మీరు జాబితా పట్టుకుని కూర్చోండి. ఇంటిపేరు, పేరు రెండూ కలిసే వరుసలు ఏవేవో వేరే కాగితం మీద రాసి మొదటి బల్ల మీద అంటించండి. ఆ పేర్లలో ఒకరు వచ్చినప్పుడు భర్త పేరు, తండ్రి పేరు, ఫోటో చూసిందాకా ఎర్ర పెన్ను ముట్టుకోవద్దని చెప్పండి. ఆ రాత్రి బస్సులో నేను లెక్కబెడితే, మా ఒక్క బూత్‌లో అలాంటి జతలు 11 ఉన్నాయి.